వంతెన దాటని రివాల్వర్

సాన్ ఆంటోనియో, చపాలా సరస్సు ఒడ్డు
9 జూన్ 1996

తమ్ముడు వెండెల్‌కి,

నేను క్షేమం. నా మోకాళ్లు నాకంటే క్షేమం. మేసన్‌లో ముప్ఫై ఏళ్లు స్కూలు వంటగదిలో నిలబడి అరిగిపోయిన మోకాళ్లు, మెక్సికో వచ్చిన మూడు వారాల్లోనే నొప్పి సంగతి మరిచిపోయాయి. రిటైరయ్యాక ఇలా ఏదో సరస్సు ఒడ్డున కూర్చుందామని మీ బావ ఎప్పుడూ అనేవారు. ఆయన కూర్చోకుండానే వెళ్లిపోయారు. ఆయన వాటా కూడా నేనే కూర్చుంటున్నాను.

పొద్దున లేచి చూస్తే సరస్సు ఉండదు. మంచు మాత్రమే ఉంటుంది. ఎనిమిదింటికి ఆ మంచులో మెల్లగా ఓ పడవ కనిపిస్తుంది, కాసేపటికి పడవ కింద నీళ్లు కనిపిస్తాయి. నీళ్ల మీద గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా పెరిగింది, గాలి ఎటు వీస్తే అటు పోతుంది. నిన్న నా గుమ్మం ముందు ఓ పచ్చటి దీవి ఉంది, దాని మీద రెండు తెల్లకొంగలు కాపురం ఉన్నాయి. ఇవాళ దీవీ లేదు, కొంగలూ లేవు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు కూడా.

సరిహద్దు దగ్గర ఏమైందని అడుగుతావు. ఏమీ కాలేదు. అక్కడి ఉద్యోగి నా తొమ్మిది పెట్టెలు చూసి, ఆయుధాలున్నాయా అమ్మా అని అడిగాడు. లేవన్నాను. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ మాట నిజంగా అనడం అదే మొదటిసారి. బావ రివాల్వర్ నీ దగ్గర వదిలి వచ్చాక మొదటి వారమంతా నిద్రలో నా చెయ్యి మంచం పక్క సొరుగు తెరిచి వెతికేది. ఇప్పుడు ఆ సొరుగులో నిమ్మకాయలు ఉంటున్నాయి.

ఇల్లు చిన్నది. చుట్టూ ఎత్తు గోడ, గోడ మీద పగిలిన సీసాపెంకులు. సాయంత్రం ఎండలో ఆకుపచ్చగా మెరుస్తుంటే ఎంత బావుంటాయో. మా వీధికో కావలి ముసలాయన, దోన్ మెలితోన్ అని, రాత్రంతా పావుగంటకోసారి ఈల వేస్తూ తిరుగుతాడు. తాను మేలుకునే ఉన్నానని మాకు తెలియాలట. దొంగలకి కూడా తెలుస్తుంది కదా అంటే నవ్వుతారు. ఐదు రోజుల నుంచి తెల్లవారకుండానే ఢాం ఢాం అని పేలుళ్లు. వంట చేసే చాయోని అడిగాను. నా స్పానిష్ ఇంకా ఉప్పు, పంచదార దగ్గరే ఉంది. ఆమె ఆకాశం వైపు వేలు చూపించి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి నేనూ అటు తిరిగి పడుకుంటున్నాను.

ఆరిన్ ఎలా ఉన్నాడు? ఒకే కంచంలో తిన్న స్నేహితులు మీరిద్దరూ, పొరుగునే ఉండి నెలల తరబడి పలకరించుకోకుండా ఉండగలరని నాకు తెలుసు. అలా ఉండకు.

ఫోను లైనుకి ఏడాది పడుతుందట. వచ్చినా పాతికేళ్లు క్వారీలో రాళ్లు పేల్చిన నీ చెవులకి అదెందుకు? పోస్టుకి మూడు వారాలు. చౌకులో కాఫీ హోటల్ బల్ల మీద ఓ బుట్ట ఉంది. మనవాళ్లు ఎవరు స్వదేశం వెళ్తున్నా అందులోని ఉత్తరాలు పట్టుకెళ్లి అక్కడి డబ్బాలో వేస్తారు. ఇదీ అలాగే వస్తోంది.

నిద్రమత్తులో
నీ అక్క అర్లీన్


మేసన్, టెక్సస్
28 జూన్ 1996

అక్కా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాను. గోడ మీద గాజుపెంకులు. రాత్రంతా ఈల. రోజూ తెల్లారుజామున కాల్పులు. అడిగితే వంటమనిషి ఆకాశం చూపించి శిలువ వేసుకుంది. అంటే పోయినవాళ్లు ఎక్కడికి పోయారో చెప్పింది. నువ్వేమో అటు తిరిగి పడుకున్నానంటున్నావు.

నువ్వు భయపడితే నవ్వుతావు. నాన్న పోయిన రోజు శవపేటిక పక్కన నిలబడి నవ్వావు, అమ్మ నిన్ను బయటికి పంపింది. ఆ నవ్వు ఉత్తరంలో కూడా కనబడుతుంది నాకు.

వంటింటి తలుపు గడియ కింద కుర్చీ ఇరికించు. దీపం వెనక పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చోకు. రోజూ ఒకే దారిన నడవకు. అరవై ఆరేళ్ల ఆడమనిషి, తెలియని దేశం, సొరుగులో నిమ్మకాయలు. ఇంకేం చెప్పను.

ఇక్కడ వానల్లేవు. మేకలు బావున్నాయి. రెండు వారాలుగా గేటు బయట ఎవరిదో ట్రక్కు ఆగిన గుర్తులు. చీకటిపడే వేళకి ఎవరో వచ్చి ఇంటి చుట్టూ తిరిగి పోతున్నారు. బూటు గుర్తులు చూశాను. నాకు వినబడదు కదా, నేల అదిరితే కాలికి తెలుస్తుంది, అంతే. రైఫిలు తలుపు పక్కన పెట్టాను. బావ రివాల్వర్ తలగడ కింద ఉంది. నాకేం భయం లేదు. నీ గురించే.

ఆరిన్ బాగానే ఉన్నాడు. పలకరించాను. నువ్వు చెప్పావని కాదు.

వెండెల్


సాన్ ఆంటోనియో
24 జూలై 1996

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి కాఫీ ఒలకబోసుకున్నాను. అవి కాల్పులు కావురా, తారాజువ్వలు. ఊరికి సాన్ ఆంటోనియో పేరే కదా, ఆ సంతుడి పండగకి ముందు తొమ్మిది రోజులూ తెల్లవారకుండానే ఆకాశంలోకి వదులుతారు. లేవండి, ప్రార్థనకి రండి అని. చాయో ఆకాశం చూపించింది అందుకు. ఈ మాట నాకు అర్థమయ్యేసరికి పండగ అయిపోయింది.

వానలు మొదలయ్యాయి. సాయంత్రం దాకా ఎండ కాసి, అందరూ భోజనాలు కానిచ్చాక, మర్యాద తెలిసిన చుట్టంలా వస్తుంది వాన. మధ్యాహ్నం నిద్రపోతే మన మేసన్ దగ్గరి నది ఈ సరస్సులోకి వచ్చి కలుస్తున్నట్టు కల వస్తోంది. నువ్వు ఆ ఒడ్డున మేకల్ని తోలుకుంటూ వస్తుంటావు, నేను పిలుస్తుంటాను, నీకు వినబడుతుంది. కలలో నీ చెవులు బాగున్నాయి. లేచాక కాసేపు నేనెక్కడున్నానో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించదు.

మంగళవారం మంగళవారం చౌకులో కాఫీకి చేరతాం, మనవైపు నుంచి వచ్చిన ముసలాళ్లం పదిమంది. మొదటి అరగంట మోకాళ్లు, తరవాతి అరగంట తుపాకులు. ఎవరు ఏది ఎక్కడ వదిలి వచ్చారో, దాని పిడి ఎలా ఉండేదో చెప్పుకుని నిట్టూరుస్తారు. ఒకావిడ ఈలల దండ వేసుకుంటుంది. ఒకాయన రెండు కుక్కల్ని తెచ్చుకుని, కుక్కలకి భయమేస్తే తానే కాపలా కాస్తున్నాడు. పళ్ల డాక్టరుగా రిటైరైన ప్రూయిట్ గారు ఏమన్నారో తెలుసా? "నా తలగడ కింద బేస్‌బాల్ బ్యాటుందమ్మా. దొంగ వస్తే ముందు నా నడుమే పట్టేస్తుంది" అన్నారు. మా వీధి చివరింట్లో దొంగలు పడ్డారులే, ప్రెషర్ కుక్కరూ సగం తిన్న కేకూ ఎత్తుకుపోయారు. కేకు బాగా కుదరలేదని ఇంటావిడే ఒప్పుకుంది.

నీ గేటు దగ్గరి టైరు గుర్తుల గురించి ఊరికే కంగారు పడకు. అంతకంటే నేనేమీ చెప్పను. నీ మంచి కోరేవాళ్లు కూడా బూట్లే వేసుకుంటారు.

వానలో తడిసిన
అర్లీన్


మేసన్
22 ఆగస్టు 1996

అక్కా,

తెల్లవారకుండా తారాజువ్వలు కాలుస్తారని ఎవరితోనైనా చెప్పి చూడు. నన్ను ఊరడించడానికి రాశావని తెలుస్తూనే ఉంది. దొంగలు పడ్డారని కూడా ఆ ఉత్తరంలోనే రాశావు. కేకు గురించి రాసి దాన్ని కప్పెట్టావు.

ఇక్కడ విశేషాల్లేవు. వంటింటి తలుపు పాడైతే చెక్కముక్క కొట్టి బిగించాను. ఆరిన్ రావడం మానేశాడు. చర్చి దగ్గర ఎదురుపడితే టోపీ సర్దుకుని అటు వెళ్లాడు. ఎందుకని అడగొద్దు. కంటి మీద కునుకు లేదు, ఎండాకాలం కదా.

నేను వస్తున్నాను. బావ రివాల్వర్ నీ చేతికిస్తాను. ట్రక్కు సీటు కింద గోనెగుడ్డలో చుట్టి తెస్తా. మన ఊళ్లో ప్రతి ట్రక్కు సీటు కిందా ఒకటుంటుంది, ఎవరు చూస్తారు? మేకలన్నీ అమ్మేసి అక్టోబరు పదమూడు ఆదివారం బయల్దేరతాను. దారి నాకు తెలుసు, లారెడో దగ్గర సరిహద్దు వంతెన దాటడమే. వద్దని రాయకు.

వెండెల్


సాన్ ఆంటోనియో
15 సెప్టెంబరు 1996

వెండెల్,

వద్దు. వద్దు. వద్దు. ఈ ఉత్తరం బుట్టలో వెయ్యడం లేదు. ప్రూయిట్ గారి భార్య మనవరాలి పెళ్లికి విమానంలో వెళ్తోంది, ఆవిడ చేతికిచ్చి, దిగగానే పోస్టు చెయ్యమని ఒట్టు పెట్టించుకున్నాను.

మా కాఫీ బల్ల దగ్గర మిసెస్ టిల్‌మన్ అని ఓ ఆవిడ కూర్చునేది. ఇప్పుడు కూర్చోదు. ఆవిడ భర్త కిందటి శీతాకాలం ఇంటికెళ్లి, పావురాల్ని వేటాడి, వేసవిలో ట్రక్కులో తిరిగి వచ్చాడు. పనిముట్ల పెట్టెలో తూటాల డబ్బా ఒకటి ఉండిపోయిందని ఆయనకే గుర్తులేదు. వంతెన అవతల ట్రక్కు ఆపి వెతికారు. తుపాకి కూడా లేదు వెండెల్, తూటాలే. మూడు నెలలైంది. ఆయన ఆ సరిహద్దు ఊళ్లో జైల్లో ఉన్నాడు, డెబ్భై ఒక్క ఏళ్లు. ఆవిడ పదిహేను రోజులకోసారి రాత్రీ పగలూ బస్సులో కూర్చుని అన్నీ వండుకుని పట్టుకెళ్తుంది. సరస్సు చూస్తూ బతుకుదామని వచ్చి బస్సు కిటికీలోంచి దుమ్ము చూస్తోంది. మన ఊళ్లో అలవాటు ఇక్కడ నేరం. ఎవరు చూస్తారని అన్నావే, వాళ్లు చూస్తారు. నిన్ను అలా చూడాల్సి వస్తే నా ప్రాణం అక్కడే పోతుంది. ఉట్టి చేతులతో వస్తే రా, ఎన్నాళ్లయినా ఉండు. దాంతో మాత్రం రాకు.

ఇంకో సంగతి, దాచి లాభం లేదు. నీ గేటు దగ్గరి టైరు గుర్తులు ఆరిన్‌వి. వచ్చిన వారానికే నేను వాడికి ఉత్తరం రాశాను. మంగళవారం, శుక్రవారం చీకటిపడే వేళకి వెళ్లి, నీకు తెలియకుండా నిన్ను చూసి రమ్మని. చెబితే నువ్వు ఊరుకోవు, నన్నెవరూ కాపలా కాయక్కర్లేదంటావు. అందుకని దాచాను. ఇప్పుడు వాడు మానేశాడంటే వాడికి సిగ్గుండాలి. అరవై ఏళ్ల స్నేహానికి వారానికి రెండు సాయంత్రాలు ఎక్కువయ్యాయా? ఈసారి రాసేటప్పుడు కడిగేస్తాను.

నీ కోసం దిగులుపడుతున్న
అక్క


మోటెల్, లారెడో
17 అక్టోబరు 1996

అక్కా,

ప్రూయిట్ గారి భార్య ఆలస్యంగా పోస్టు చేసినట్టుంది, నీ ఉత్తరం నేను బయల్దేరే ముందురోజు వచ్చింది. చదివాను. చదివాకే బయల్దేరాను. నా మీద కోప్పడే ముందు ఇది చివరిదాకా చదువు.

ఆరిన్‌ని కడిగెయ్యకు. వాడికేమీ రాయకు.

ఆగస్టు తొమ్మిది శుక్రవారం, చీకటిపడే వేళ. వంటింట్లో వీపు తలుపు వైపు పెట్టి చిక్కుళ్లు వేయించుకుంటున్నాను. కాలి కింద నేల అదిరింది. వరండా పలకల మీద ఎవరో నడుస్తున్నారు. తిరిగి చూస్తే తలుపు మూసే ఉంది. తలుపు పక్కన రైఫిలు, తలుపుకి అవతల మనిషి. రివాల్వర్ నా జేబులో ఉంది. పగలు కూడా జేబులోనే పెట్టుకునేవాణ్ణి, నీకు రాయలేదు. ఎవరని అడిగాను. మళ్లీ అడిగాను. జవాబు చెప్పాడట. నాకు వినబడలేదు. అక్కా, నాకు వినబడలేదు. కాల్చాను.

తలుపు తీసేసరికి ఆరిన్ మెట్ల కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా చంక దగ్గర చిరిగింది, అంతే. చుట్టూ పీచ్‌పళ్లు దొర్లి ఉన్నాయి. నా వైపు చూస్తూ నోరు కదుపుతున్నాడు. వాడి పెదాలు చదివాను. "నేనేరా, వెండెల్. నేనేరా." అదొక్కటే అంటున్నాడు. నేను వాణ్ణి లేపలేదు. చెయ్యి కూడా అందించలేదు. నా చేతిలో ఇంకా అది ఉంది. వాడే లేచి, పళ్లు ఏరి మెట్టు మీద పెట్టి, వెళ్లిపోయాడు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. షెరీఫ్‌కి చెప్తాడని వారం రోజులు ఎదురుచూశాను. చెప్పి ఉంటే బావుండేది.

ఎందుకొచ్చావురా అని అడగలేకపోయాను. నీ ఉత్తరం చదివితే తెలిసింది. నువ్వు నా కోసం పంపిన మనిషిని నేను కాల్చాను.

నీ కోసం రివాల్వర్ తెస్తున్నానని రాశాను. అబద్ధం. భయం నీది కాదు, నాది. నువ్వు వెళ్లిపోయిన రోజు నుంచీ. చెవులు పోయినవాడికి వెనక ఏముందో ఎప్పటికీ తెలియదు. అది ఇంట్లో ఉంటే నిద్ర లేదు, లేకపోతే అసలే లేదు. నీ చేతికిచ్చేస్తే నువ్వేదో ఒకటి చేస్తావనుకున్నాను. చిన్నప్పుడు ఏది పాడు చేసినా నీ దగ్గరికే తెచ్చేవాణ్ణి కదా.

ఇప్పటికి మూడుసార్లు వంతెన దాకా వెళ్లాను. ముందు పెద్ద బోర్డు ఉంది, రెండు భాషల్లో, తుపాకి బొమ్మ మీద ఎర్రగీత. మూడుసార్లూ ట్రక్కు వెనక్కి తిప్పాను. ముందుకి రాలేను, వెనక్కి ఆ ఇంటికి పోలేను. కిటికీలోంచి నది కనిపిస్తోంది. మట్టిరంగు నీళ్లు, ఏ చప్పుడూ లేకుండా పోతున్నాయి. అవతల జనం ఇవతలికీ ఇవతల జనం అవతలికీ పొద్దస్తమానం నడుస్తూనే ఉన్నారు. నాలుగు రోజులుగా వాళ్లని చూస్తున్నాను. కల కంటున్నానో మెలకువగా ఉన్నానో తెలియడం లేదు.

పక్క గదిలో వాళ్లు ఇల్లులా అమర్చుకున్న వ్యానులో మీ సరస్సుకే వస్తున్నారు. ఈ ఉత్తరం వాళ్ల చేతికిస్తున్నాను. ఏం చెయ్యమంటావో చెప్పు. చెప్పేదాకా ఇక్కడే ఉంటాను.

వెండెల్


సాన్ ఆంటోనియో
21 అక్టోబరు 1996, సోమవారం

నా తమ్ముడికి,

వాళ్లు నిన్న తెచ్చిచ్చారు. చదువుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. చాయో వచ్చి నా పక్కన కూర్చుంది.

నువ్వొక్కడివే చేశాననుకోకు. నీకు వినబడదని తెలిసీ, చీకటిపడే వేళకి, నీకు చెప్పకుండా మనిషిని పంపినదాన్ని నేను. నీ పౌరుషం కాపాడదామనుకుని వాడి ప్రాణం మీదికి తెచ్చాను. ఈ ఏడుపు మనిద్దరిదీ. ఇక దాచుకోవద్దు మనం.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. గురువారం పొద్దున పదింటికి నేను వంతెన మధ్యలో నిలబడతాను, మనుషులు నడిచే వైపు. ట్రక్కూ, దానిలో ఉన్నదీ మోటెల్ దగ్గరే వదిలెయ్. జేబులు తిరగేసి చూసుకో, చొక్కా జేబు కూడా. ఒక్క తూటా ఉండకూడదు. తాళంచెవి, బట్టల సంచి, అంతే. నడిచి రా.

ప్రూయిట్ గారు నాతో వస్తున్నారు. అక్కణ్ణించి నిన్ను ఆయన మా ఇంటికి తీసుకెళ్తారు. దారంతా పళ్ల గురించి చెప్తారు, నీకు వినబడదు కాబట్టి ఇద్దరికీ హాయి. నువ్వు నా ఇంట్లో పడుకో. నేను నీ ట్రక్కు ఎక్కి మేసన్ వెళ్తాను. ఆ ఇంటి సంగతి నేను చూస్తాను.

ఈ చీటీ రేపు లారెడో వైపు కారులో వెళ్తున్నవాళ్లకి ఇస్తున్నాను. నువ్వు రాకపోతే అవతలికి నేనే వస్తాను.

అక్క


మేసన్
5 నవంబరు 1996

వెండెల్,

నీ ఇంట్లో పదకొండు రోజులైంది. పొద్దున్నే ఓక్ చెట్ల కింద జింకలు వచ్చి నిలబడుతున్నాయి. మేకలు లేవు కదా, ఈ చోటు మాదే అన్నట్టు చూస్తాయి. సరస్సు లేదని తెలిసీ రోజూ లేవగానే కిటికీలోంచి నీళ్ల కోసం చూస్తున్నాను. వంతెన మీద నువ్వు ఖాళీ చేతులు చూపిస్తూ నడిచొచ్చిన తీరు కళ్లముందు నుంచి పోవడం లేదు. అంత సన్నబడ్డావని నువ్వెప్పుడూ రాయలేదు.

వంటింటి తలుపుకి నువ్వు కొట్టిన చెక్క ఊడదీశాను. చూడకుండా ఉండలేకపోయాను. తలుపుకి అవతల నిలబడి చూస్తే ఆ రంధ్రం సరిగ్గా నా మెడ దగ్గరికి వచ్చింది. ఆరిన్ పొడుగు కాబట్టి చంక కింద నుంచి పోయింది. ఓ మాట చెప్తాను. నవంబరు పండగకి చెప్పకుండా వచ్చి నిన్ను హడలగొడదామని జూలై నుంచీ అనుకుంటున్నాను. సాయంత్రం బస్సుకి దిగి, వంటింటి వైపు నుంచి వచ్చేదాన్ని. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

నిన్న ఆరిన్ వచ్చాడు. గేటు బయట ట్రక్కు ఆపి దిగాడు. టోపీ తీసి బానెట్ మీద పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తి, తన పేరు తానే కేకలు వేస్తూ నిలబడ్డాడు. నువ్వు లేవని వాడికి తెలుసు, నేను వచ్చానని ఊరంతా తెలుసు. నేను పరుగెత్తికెళ్లి గేటు తీసి, వెండెల్ లేడురా, చేతులు దించు అన్నాను. వాడు సిగ్గుపడ్డాడు.

"అలవాటైపోయింది అర్లీన్. ఈ గేటు దగ్గరికొచ్చేసరికి చేతులు వాటంతటవే లేస్తున్నాయి" అన్నాడు.

వాడు రావడం మానలేదు వెండెల్. నువ్వు పొరబడ్డావు. ఆగస్టు నుంచి నువ్వు బయల్దేరేదాకా ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం వచ్చాడు. గేటు దాటలేదు, అంతే. అలాగే చేతులెత్తుకుని నిలబడి, వంటింట్లో దీపం వెలిగేదాకా చూసి వెళ్లిపోయేవాడట. నాకు రాయలేదేమిరా అంటే, రాస్తే వాడి సంగతి చెప్పాల్సొస్తుంది కదా అన్నాడు. చర్చి దగ్గర ఎందుకు మొహం తిప్పుకున్నావంటే, "వాడి కళ్లలోకి చూస్తే వాడేడుస్తాడు. అందరి ముందూ ఎందుకులే అనుకున్నా" అన్నాడు. నేను గేటు పట్టుకుని ఏడ్చాను.

బావ రివాల్వర్ నీ ట్రక్కు సీటు కిందే ఉంది. రైఫిలు తలుపు పక్కనే ఉంది. నేను ముట్టుకోలేదు. ఇల్లు నీది, మాట నీది. దాచమంటే దాస్తాను, నువ్వొచ్చాక మళ్లీ తలగడ కింద పెట్టుకో. తీసెయ్యమంటే తీసేస్తాను. ఏదో ఒకటి నీ చేత్తో రాసి పంపు. ఈసారి నీ కోసమని నీకు చెప్పకుండా నేనేమీ చెయ్యను.

నీ ఇంట్లో నుంచి
అక్క


సాన్ ఆంటోనియో, చపాలా సరస్సు ఒడ్డు
23 నవంబరు 1996

అక్కా,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని రెండు రోజులు ఒడ్డు వెంట తిరిగాను. తెల్లటి పెలికన్ పక్షులు వచ్చాయి, వందలు. ఒక్కసారిగా లేచి గుండ్రంగా తిరుగుతాయి, కాసేపు ఆకాశమంతా కదులుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ నాకు వినబడనిది పెద్దగా ఏమీ లేనట్టుంది. సరస్సు ఎలాగూ మాట్లాడదు.

చాయో నా వెనక నుంచి ఎప్పుడూ రాదు. చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడి, నేను చూశాకే మాట్లాడుతుంది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చేపల వేపుడు తింటున్నానని ఆరిన్‌కి చెప్పకు, వాడు నమ్మడు. మధ్యాహ్నాలు నిద్ర పడుతోంది. మొన్న లేచేసరికి నాలుగైంది, చెయ్యి తలగడ కింద లేదు, ఛాతీ మీద ఉంది.

రైఫిలు ఆరిన్‌కిచ్చెయ్. వాడి మేకల మీదికి నక్కలొస్తాయి. బావ రివాల్వర్ షెరీఫ్ ఆఫీసులో అప్పగించు. బావకి కోపం వస్తే నా పేరు చెప్పు. తూటాలు వంటింట్లో పిండిడబ్బా వెనక ఉన్నాయి. బాత్రూం అటక మీద, స్టవ్వు కింది సొరుగులో, పాత కోటు రెండు జేబుల్లో, గడియారం వెనక, బైబిలు పక్కన కూడా ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఇన్ని చోట్ల పెట్టానని ఇది రాస్తుంటేనే నాకు తెలుస్తోంది. అన్నీ తీసెయ్.

వసంతంలో వస్తాను. నువ్వు అప్పుడు ఇక్కడికి రావచ్చు, నీ మోకాళ్ల కోసం. ఈలోగా ఆ తలుపు మార్చి, పై సగం అద్దం ఉన్నది పెట్టించు, ఎవరొచ్చారో కనబడేలా. పెట్టించాక ఆరిన్‌తో చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పు. గేటు దగ్గర కేకలు వెయ్యొద్దు. చేతులు జేబుల్లో పెట్టుకుని తిన్నగా లోపలికి రమ్మను.

నీ తమ్ముడు
వెండెల్